అడవికి పోయి రాండి, వక్క మొక్క మాత్రం తేవద్దండి



ఆగుంబె వీడియో పెట్టినప్పటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. పది ఫోన్లు వస్తే ఏడింటిలో ఒకటే ప్రశ్న. "అన్నా, ఆడ ఉన్నట్టు మన తోట కూడా చేసుకోవచ్చునా?" మిగతా మూడు ఫోన్లు "మనిషికి ఎంత పడింది?" అని. రెండో ప్రశ్నకు జవాబు సులువు, కింద రాస్తాను. మొదటిదానికి జవాబు ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఈ వ్యాసం. వీడియో చూడనివాళ్లు ముందు పైనున్నది చూసి రండి. చూసినవాళ్లు నేరుగా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మెట్ట సేద్యం చేసే ప్రతి రైతూ జీవితంలో ఒక్కసారైనా, తెలిసిన గైడ్‌ను వెంటబెట్టుకుని వాన అడవిలో నడవాలి. అందరూ రెయిన్‌ఫారెస్ట్ అంటున్నారే, అదే. దానికి పెట్టే డబ్బు దండగ కాదు. కానీ అక్కడ చూసిన పచ్చదనాన్ని ఉన్నదున్నట్టుగా ఇక్కడికి తెచ్చి నాటాలని చూస్తే మన బోరూ పోతుంది, పక్క చేని బోరూ పోతుంది. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి వ్యతిరేకం కాదు. ఎందుకో వివరిస్తాను.

ఒకే గాలి, రెండు ఊర్లు

ఆగుంబె కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి తాలూకాలో ఉంది. పడమటి కనుమల అంచున, సముద్ర మట్టానికి 640 మీటర్ల ఎత్తులో చిన్న ఊరు. మన పెద్దవాళ్లకు గుర్తుండే 'మాల్గుడి డేస్' సీరియల్‌ను శంకర్‌నాగ్ తీసింది అక్కడే. ఆ ఊరిని దక్షిణాది చిరపుంజి అంటారు. ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది.

మన అనంతపురం సగటు వాన 552 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత మనమే అని చిన్నప్పటి నుంచి బడిలో చెప్తానే ఉన్నారు.

ఈ లెక్కను మిల్లీమీటర్లలో చెప్తే మనసుకు ఎక్కదు, లీటర్లలో చూద్దాం. ఒక ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. అంటే మన ఎకరా చేను మీద ఏడాది మొత్తంలో పడేది సుమారు 22 లక్షల లీటర్లు. ఆగుంబెలో అదే ఎకరా మీద సుమారు 2 కోట్ల 83 లక్షల లీటర్లు. అక్కడ ఒక్క ఏడాదిలో పడేది మనకు పడాలంటే పన్నెండు, పదమూడేళ్లు కావాలి.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటి ఉంది. ఆ వానా మన వానా వేరు వేరు కాదు. అరేబియా సముద్రం మీద నుంచి వచ్చే నైరుతి గాలి పడమటి కనుమలకు తగిలి, పైకి లేచి, చల్లబడి, అక్కడే దించేస్తుంది. కనుమ దాటి ఇవతలికి దిగేసరికి ఆ గాలి ఆరిపోయి ఉంటుంది. మనకు దక్కేది ఆ మిగిలిపోయిన గాలే. ఈశాన్య రుతుపవనానికి మనం మరీ లోపల ఉన్నాం. రెండు వానలకూ మనం బంతిలో ఆఖరున కూర్చున్నవాళ్లం. ఆగుంబెకి పోవడమంటే, బంతి మొదట్లో ఏం వడ్డిస్తున్నారో చూసి రావడమే.

గైడ్ లేకుండా పోతే చెట్లు కనబడతాయి, అంతే

మా బృందం పద్దెనిమిది మందిమి సెప్టెంబరు ఆఖర్లో పోయినాం. టెంపో ట్రావెలర్, రెండు రాత్రుల బస, తిండి, గైడ్ అన్నీ కలిపి మనిషికి 5,200 రూపాయలు పడింది. మాలో సగం మంది మడకశిర వైపువాళ్లు, కన్నడం బాగా వచ్చు. గైడ్‌కూ మాకూ మధ్య ఇంకో మనిషి అవసరం రాలేదు. ఇది చిన్న విషయం కాదు. రైతు తన నోటితో తనే అడిగితే వచ్చే ప్రశ్న వేరు.

గైడ్ ఆ ఊరి కుర్రాడే. తొలి అరగంటలోనే మా వాళ్లందరి కాళ్లకు జలగలు పట్టినాయి. ఉప్పు, సున్నం, పొగాకు అన్నీ బయటికి తీసినారు. నవ్వులు, కేకలు. అవన్నీ వీడియోలో ఉన్నాయి, ఇక్కడ రాయను. ఆ తర్వాత ఆయన చేసిన పని చూడండి, వీడియోలో పదకొండో నిమిషం దగ్గర. పెద్ద చెట్టు దగ్గర ఆగి పైకి చూపించకుండా కిందికి వంగినాడు. ఎండుటాకు పొరను చేత్తో పక్కకు జరిపినాడు. పైన ఆకు ఆకులాగే ఉంది. దాని కింద ఆకు ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలా ఉంది. ఇంకా కింద తెల్లటి దారాల బూజు. దాని కింద అరంగుళం నల్లటి మన్ను. ఆ అరంగుళం కింద మన చేలో ఉన్నట్టే ఎర్ర నేల!

మా బృందంలో పెద్దాయన ఒకరు ఆ ఎర్ర మన్ను పిడికిట్లోకి తీసుకుని నా వైపు చూసి, "ఏమప్పా, ఇది మన నేలే కదా?" అన్నాడు. మన నేలే కాదు, కొన్ని లెక్కల్లో మన నేలకంటే బలహీనం.

నేను డిప్లొమాలో చదివిన మాటే అయినా అక్కడ నిలబడి చూస్తే గానీ పూర్తిగా అర్థం కాదు. అన్ని వేల మిల్లీమీటర్ల వాన నేలలోంచి కారిపోతా ఉంటే సున్నం, పొటాష్ లాంటివి కడుక్కొనిపోతాయి. వాన అడవి బలం నేలలో ఉండదు. చెట్టులో, ఆకులో, పురుగులో, బూజులో, అంటే బతికున్న వాటిలో ఉంటుంది. రాలిన ఆకు నెలల్లోనే కుళ్లిపోతుంది. ఆ సారం నేలలోకి దిగే లోపలే పైపైన అల్లుకున్న వేర్లు, వాటితో పొత్తు పెట్టుకున్న బూజు కలిసి లాగేసుకుంటాయి. అందుకే అక్కడ పెద్ద పెద్ద చెట్లకు కూడా వేర్లు లోతుకు పోకుండా మొదట్లో గోడల్లా విస్తరించి ఉంటాయి. ఆ చెట్లు నరికి, కాల్చి పంట పెడితే రెండు, మూడేళ్లు బాగా పండి తర్వాత పడుకుంటుంది. పోడు చేసే గిరిజనులు జాగా మార్చుకుంటూ పోవడానికి కారణం ఇదే.

మనల్ని ఆలోచింపజేయాల్సింది ఈ విషయమే. "మన నేల బీదది, అందుకే ఏం చేసినా పండదు" అని మనం తరాలుగా చెప్పుకుంటున్నాం. లోకంలో అన్నిటికంటే దట్టమైన పచ్చదనం నిలబడింది ఇంకా బీద నేల మీద. సారం నేలలో దాచుకోకపోయినా పర్వాలేదు, చుట్టూ తిరుగుతా ఉంటే చాలు అని ఆ అడవి చెప్తోంది. ఆచ్ఛాదన గురించి, జీవామృతం గురించి మనం పది శిక్షణల్లో విన్నది ఇదే. వినడానికీ, అరచేతిలో పట్టుకుని చూడడానికీ తేడా ఉంది. ఈ తేడా కోసమే 5,200 పెట్టాలంటాను.

ఇంకో ముచ్చట. అమెజాన్ అడవికి భాస్వరం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? 2015లో నాసా ఉపగ్రహ లెక్కలు వేసి చెప్పింది. ఆఫ్రికా సహారా ఎడారి దుమ్ము అట్లాంటిక్ సముద్రం దాటి ఏటా కోట్ల టన్నుల్లో అమెజాన్ మీద పడుతుంది. దాంట్లో భాస్వరమే సుమారు 22,000 టన్నులు. వానలు కడిగేసే భాస్వరానికి అది దాదాపు సమానమంట. ఎండిన నేల పచ్చటి నేలకు అన్నం పెడుతోంది. ఎండు నేల అంటే ఎందుకూ పనికిరానిది అనేవాళ్లకు ఈ మాట చెప్పండి.

9 ఎకరాల లెక్క

ఇప్పుడు అసలు గొడవకు వస్తా. ఆగుంబె నుంచి తిరిగొచ్చేటప్పుడు తీర్థహళ్లి రోడ్డు పొడుగునా వక్క తోటలు. చల్లగా, నీడగా, కింద మిరియాల తీగ, యాలకులు. మా బండిలో ముగ్గురు అక్కడే నర్సరీ దగ్గర ఆపమన్నారు. మన జిల్లా పడమటి అంచున మడకశిర, అగళి, రొళ్ల వైపు వక్క ఇప్పటికే ఉంది కదా, మనమూ పెడదామని.

ఆ వక్క తోట పచ్చదనం ఆ తోటది మాత్రమే కాదు. మలెనాడు రైతు తన వక్క చెట్ల మొదట్లో వేసే ఆకు పక్కనున్న అడవి కొండల నుంచి వస్తుంది. దాన్ని 'సొప్పిన బెట్ట' అంటారు. ఆకు తెచ్చుకునే గుట్ట అని అర్థం. బ్రిటిష్ కాలంలో ఉత్తర కన్నడ వైపు ఎకరా వక్క తోటకు 9 ఎకరాల దాకా బెట్ట మీద ఆకు కోసుకునే హక్కు ఇచ్చారు. అంటే, మనకు కనబడే ఒక ఎకరా తోట వెనక కనబడని 9 ఎకరాల అడవి పనిచేస్తూ ఉంది.

ఆ 9 ఎకరాల ఆకు మనకు లేదు. సరే, ఆకు సంగతి అటుంచి నీళ్ల లెక్క చూద్దాం. ఎకరాకు 550 వక్క చెట్లు పడతాయి. డ్రిప్‌లో వేసినా ఎండాకాలం చెట్టుకు రోజుకు 16 నుంచి 20 లీటర్లు కావాలి. రోజుకు 9 వేల నుంచి 11 వేల లీటర్లు. మనకు వాన లేని రోజులు ఆరు నెలలు అనుకున్నా 16 నుంచి 20 లక్షల లీటర్లు. నిజానికి మనకు వాన లేని రోజులు ఆరు నెలలకంటే ఎక్కువే.

ఈ నీళ్లు బోరులోంచి రావాలి. బోరులోకి ఎక్కడి నుంచి వస్తాయి? మన రాతి నేలల్లో పడిన వానలో లోపలికి ఇంకేది పదో వంతు, అటూ ఇటూ. ఎకరాకు 22 లక్షల లీటర్ల వానలో ఇంకేది 2 లక్షల 20 వేలు. అంటే ఎకరా వక్కకు ఎండాకాలం నీళ్లు ఇవ్వాలంటే 7 నుంచి 9 ఎకరాల భూమిలో ఇంకిన నీళ్లు మొత్తం కావాలి.

చూశారా? అక్కడ 9 ఎకరాల ఆకు, ఇక్కడ 9 ఎకరాల నీళ్లు. తేడా ఒక్కటే. అక్కడ ఆ 9 ఎకరాలకు హక్కు పత్రం ఉంది. ఇక్కడ ఆ ఎనిమిది, తొమ్మిది ఎకరాలు పక్కింటోడివి, వాని పక్కింటోడివి. వాళ్లకు చెప్పకుండానే తీసుకుంటాం. బోరు ఎండినప్పుడు గాని వాళ్లకు తెలియదు.

బోరు వెయ్యడం, ఎండడం, ఇంకో వంద అడుగులు దించడం, అప్పు చేయడం. ఈ వరస మన జిల్లాలో ఎన్ని ఇళ్లను ముంచిందో నేను చెప్పనక్కర లేదు. అందుకే వక్క మొక్క మాట ఎత్తితే నాకు నవ్వు రాదు.

ఇదే లెక్క ఇంకొకరికి కూడా చెప్పాలి. హిందూపురం, లేపాక్షి, పెనుకొండ చుట్టుపక్కల బెంగళూరు వాళ్లకు తోట ప్లాట్లు అమ్ముతున్నారు. వాటిలో ఒక బ్రోచర్ నా చేతికి వచ్చింది. దాని మీద వాన అడవి ఫొటో. "మీ సొంత రెయిన్‌ఫారెస్ట్, వారాంతం విహారం" అని రాశారు. కొనేవాళ్లను నేను తప్పు పట్టను. పచ్చదనం కావాలనుకోవడం మంచిదే. అమ్మేవాళ్లను మాత్రం ఒక్కటి అడగండి. "ఈ ఎకరాకు ఎండాకాలం నీళ్లు ఏ 9 ఎకరాల నుంచి వస్తాయి?" జవాబు "బోరు ఉంది సార్" అయితే అది జవాబు కాదు.

అడ్వెంచర్ కొనకండి, మనిషికి కూలి ఇవ్వండి

ఇక ఎక్కడికి పోవాలి, ఎట్లా పోవాలి అన్నది. రిసార్టుల ప్యాకేజీల్లో 'రెయిన్‌ఫారెస్ట్ అడ్వెంచర్' అంటే తాడు మీద జారడం, జీపులో బురదలో దూకడం, రాత్రి సౌండు బాక్సు. దానికి అడవి ఎందుకు? ఊరి బయట గుట్ట చాలు. ఆ సౌండుకు కప్ప అరుపు వినబడదు, పిట్ట నిలవదు. అడవికి పోయి అడవిని తరిమేసి వచ్చినట్టు ఉంటుంది.

మన రాష్ట్రంలో పచ్చని అడవి చూడాలంటే మారేడుమిల్లి ఉంది. అది ఆగుంబె లాంటి వాన అడవి కాదు. తూర్పు కనుమల్లో ఎక్కువ భాగం ఆకు రాల్చే అడవి, లోయల్లో, వాగుల వెంట మాత్రం ఏడాదంతా పచ్చగా ఉండే ముక్కలు ఉన్నాయి. అక్కడ అటవీ శాఖ, ఊరి వన సంరక్షణ సమితులు కలిసి పర్యాటకం నడిపించే పద్ధతి పెట్టారు. 'పుష్ప' సినిమా తర్వాత రద్దీ బాగా పెరిగింది. వెదురు బొంగులో చికెన్ తిని, జలపాతం దగ్గర సెల్ఫీ తీసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. అక్కడి కొండరెడ్ల కుర్రాడిని గైడ్‌గా పెట్టుకుని, ఏ దుంప ఏ నెలలో తవ్వుతారు, ఏ ఆకు కూరకు పనికొస్తుంది అని అడిగేవాళ్లు ఎంతమంది?

గైడ్ కూలి దగ్గర బేరం ఆడకండి. మన శెనక్కాయకు బేరం ఆడితే మనకు ఎంత కడుపు మండుతుంది? ఆయన అమ్మేది కూడా పంటే. తాత తండ్రుల నుంచి వచ్చిన తెలివి. మధ్య అమెరికాలో కోస్టారికా అనే చిన్న దేశం ఉంది. 1980ల నాటికి అడవులు చాలా వరకు నరికేసి పశువుల బీళ్లు చేసేసింది. 1996లో అటవీ చట్టం చేసి, పెట్రోలు మీద వేసిన పన్నులోంచి అడవి నిలబెట్టిన రైతులకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. గైడ్ వెంట నడిచే పర్యాటకం దానికి తోడైంది. ఇప్పుడు ఆ దేశంలో సగానికి పైగా మళ్లీ చెట్టు కిందనే ఉంది. నిలబడి ఉన్న చెట్టు నరికిన చెట్టుకంటే ఎక్కువ సంపాదించి పెడితే ఎవరూ గొడ్డలి ఎత్తరు. నీతి పాఠం కన్నా ఈ లెక్క గట్టిది.

మన అడవి మనకు కనబడదా?

ఇక్కడ నాకు కోపం వచ్చే మాట ఒకటి ఉంది. "అనంతపురంలో చూడ్డానికి ఏముందప్పా, రాళ్లు, తుమ్మకంప తప్ప" అని మన వాళ్లే అంటారు.

చెన్నేకొత్తపల్లి వైపు పోండి. టింబక్టు కలెక్టివ్ 1990లో మొదలైంది. ముష్టికోవెల చుట్టుపక్కల ఊర్ల జనం ఆ సంస్థతో కలిసి, బోడి గుట్టలుగా పడి ఉన్న బంజరును కాపాడుకున్నారు. పేరు కల్పవల్లి. 7 వేల ఎకరాలకు పైమాట. వాళ్లు అక్కడ వాన అడవి నాటలేదు. నిప్పు పడకుండా, ఇష్టమొచ్చినట్టు నరకకుండా కాపలా పెట్టారు, అవసరమైన చోట విత్తనం చల్లారు. మిగతాది నేల చూసుకుంది. ఇప్పుడు బోద గడ్డి, ఈత చెట్లు, పొదలు, తోడేళ్లు, జింకలు ఉన్నాయి. తర్వాత గాలిమరలు వచ్చి ఆ గుట్టల మీద రోడ్లు పడ్డాయి, ఆ బాధ వేరే. అయినా, 550 మిల్లీమీటర్ల వానకు ఏ అడవి సరిపోతుందో చూడాలంటే అదే మన పాఠశాల.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. ఒకే చెట్టు సుమారు అయిదు ఎకరాల్లో పరుచుకుంది. 1989లో గిన్నిస్ రికార్డు ఎక్కింది. దాని కింద మిట్ట మధ్యాహ్నం నిలబడండి. ఇది కూడా కరువు నేలే కదా, ఈ నీడ ఎక్కడి నుంచి వచ్చింది అని ఆలోచించండి.

ఆకులు పోల్చి చూడండి. ఆగుంబెలో ఆకుల కొనలు పొడుగ్గా తోకల్లా ఉంటాయి, మీద పడిన నీరు జారిపోవాలని. అక్కడ చెట్టుకు కష్టం నీళ్లు ఎక్కువై. మన తుమ్మ ఆకు చీమ తలకాయంత, బలుసాకు మందంగా మైనం పూసినట్టు. వేసవిలో నారేపి, సీతాఫలం ఆకు రాల్చేసి నిద్రపోతాయి. ఇక్కడ చెట్టుకు కష్టం నీళ్లు తక్కువై. రెండు చోట్లా తెలివి ఒకటే, తన వానను బట్టి తన ఒళ్లు మార్చుకోవడం. మనం అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది ఆ తెలివే గాని ఆ ఆకు కాదు.

అందుకే మా బృందం వచ్చే కార్తీకం నుంచి ఒక పని మొదలుపెడుతోంది. మా ఊరి గుట్ట మీద మెట్ట నడక. గైడ్‌లు మా ఊరి గొర్రెల కాపర్లు ఇద్దరు, ఆకు మందు తెలిసిన ఒక అవ్వ. మూడు గంటల నడక, తర్వాత మా చేలో సద్ద రొట్టె, అలసంద కూర, మజ్జిగ. మనిషికి 400 రూపాయలు, అందులో 250 గైడ్‌కు. బెంగళూరు మాకు మూడు గంటల దూరం. వాళ్లు బాలి, థాయ్‌లాండ్ పోయి చూసే అడవిని మేం చూపించలేం. వాళ్ల నీళ్ల బిందె ఎక్కడి నుంచి వస్తోందో, ఆ రాగి ముద్ద ఏ నేలలో పండిందో చూపించగలం. నేను గానుగ నూనె అమ్ముకునేవాణ్ని, వ్యాపారం లెక్క లేకుండా మాట్లాడను. ఇది నడుస్తుందని నమ్మే పెడుతున్నా.

"అదంతా సరే, చేలో ఏం చెయ్యాలి?"

నాలుగే నాలుగు. అడవి నుంచి తెచ్చుకోదగ్గవి ఇవి.

ఒకటి, నేలను బట్టలేకుండా ఉంచకండి. ఏప్రిల్లో మధ్యాహ్నం రెండు గంటలకు మా దుక్కి చేలో మట్టి వేడి 54 డిగ్రీలు చూపించింది, పక్కనే ఆకు కప్పిన చోట 37. ఆ 54లో బూజు బతకదు, వానపాము బతకదు. శెనక్కాయ కట్టె పశువులకు మేత, దాన్ని చేలో కప్పమని చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ కంది కట్టె ఇప్పటికీ చాలా ఇళ్లలో పొయ్యికి పోతోంది. గ్యాస్ ఉన్న ఇంట్లో దాన్ని నరికి చేలోనే పరచండి. గట్ల మీద గ్లైరిసిడియా, కానుగ పెట్టుకోండి. మన ఆకు గుట్ట, మన సొప్పిన బెట్ట, మన గట్టే కావాలి.

రెండు, వానకు ముందే విత్తనం. 2016లో రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వచ్చిన పద్ధతుల్లో మన జిల్లాకు బాగా అతికింది ఇదే. విత్తనాలకు మట్టి, ఘనజీవామృతం పూత పూసి, వేసవిలోనే నవధాన్యాలు చల్లి, పైన ఆకు కప్పడం. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. బహుమతి సంగతి పక్కన పెట్టినా, ఏడాదిలో ఎక్కువ రోజులు నేల మీద పచ్చటి వేరు ఉండాలన్నది అడవి నియమం.

మూడు, అంతస్తులు. అడవిలో నాలుగైదు అంతస్తులు ఉన్నాయని మనం అయిదు అంచెలు పెట్టక్కర లేదు. మన వానకు రెండున్నర చాలు. పైన దూరం దూరంగా చింత, వేప, సీతాఫలం, మధ్యలో కంది, ఆముదం, కింద కొర్ర, అలసంద, అనుము, శెనక్కాయ. బోరు లేకుండా నిలబడేదే మన అంతస్తు. బోరు ఉంటేనే నిలబడేది అప్పు.

నాలుగు, పడిన చినుకును నడిపించండి, పరిగెత్తనివ్వకండి. ఆగుంబెలో చినుకు నేలను తాకేలోపు పది ఆకుల మీద ఆగుతుంది. మనకు అన్ని ఆకులు లేవు, కాబట్టి గట్టు, కందకం, ఫారం పాండ్ ఆ పని చెయ్యాలి. 552 మిల్లీమీటర్లలో చాలా భాగం నాలుగైదు పెద్ద వానల్లోనే పడిపోతుంది. ఆ నాలుగు రోజులు మన చేను తయారుగా ఉందా లేదా అన్నదే మన ఏడాది.

"ఇవన్నీ ఇక్కడే చెప్తున్నావు కదా, మళ్లీ అడవికి పోవడం ఎందుకు?" అని మా నాన్నే అడిగినాడు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. 5,200 అంటే మా ఊర్లో పది రోజుల కూలి పైమాట. నా జవాబు ఇది. పోయొచ్చిన పద్దెనిమిది మందిలో పదకొండు మంది ఈసారి కంది కట్టె కాల్చలేదు, చేలోనే పరిచినారు. అంతకు ముందు మూడేళ్లుగా నేను శిక్షణల్లో అదే మాట చెప్తా ఉంటే విన్నది ఇద్దరు. అందరూ ఆగుంబెకే పోవాలని లేదు. డబ్బు లేకపోతే కల్పవల్లి గుట్టకు పోండి, లేదా మీ ఊరి దేవర బన్నికి పోండి, మర్రిచెట్టు కిందికి పోండి. వంగి ఆకు జరిపి చూడండి. తెలిసినవాణ్ని ఒకరిని మాత్రం వెంట తీసుకుపోండి.

వక్క మొక్కలు కొందామన్న ముగ్గురిలో ఇద్దరు ఆగినారు. ఒకాయన యాభై మొక్కలు తెచ్చి నాటినాడు. ఆయన చేను, ఆయన ఇష్టం. వచ్చే మే నెలలో ఆయన అనుమతితోనే ఆ బోరు నీళ్లు, చుట్టూ ఉన్న మూడు బోర్ల నీళ్లు కొలిచి వీడియో పెడతాను. లెక్క నాది తప్పయితే అదీ అందులోనే చూపిస్తా.

మీ వైపు గుట్టల్లో, వంకల్లో చూపించదగ్గ నడక దారులు ఉంటే, చెప్పగలిగిన కాపర్లు, అవ్వలు ఉంటే రాయండి. మెట్ట నడకలో వాళ్లను కూడా కలుపుకుందాం. గైడ్ కూలి మాత్రం ముందే మాట్లాడుకుని, నడక కాగానే చేతికి ఇచ్చేద్దాం.